మాయలేడికి అటాచ్‌మెంటు

దుమ్ముగూడెం మండలం పర్ణశాలకు వెళ్లిన మన ఆఫీసు బాబులు సీతమ్మ చీర ఆరేసిన రాళ్లు చూసి, మాయలేడి బొమ్మ పక్కన సెల్ఫీ దిగి, 'అది మాయని ఆ తల్లికి తెలియలేదు పాపం' అని జాలిపడి తిరిగొస్తారు. సోమవారం సీట్లో కూర్చోగానే 'మీ జీతం సవరణ, వెంటనే తెరవండి' అని మెయిలొస్తుంది. ఎవరు పంపారో చూసే తీరికేదీ? టక్కున నొక్కేస్తారు.

2021 నవంబరులో హైదరాబాద్ మహేశ్ బ్యాంకు ఉద్యోగులకు ఇలాంటి దొంగ మెయిళ్లు 200కు పైగా వచ్చాయని పోలీసులు తేల్చారు. తెరిచింది ఇద్దరేనట. చాలదూ! ఆ సందులోంచి మాల్వేర్ దూరింది. 2022 జనవరిలో 12 కోట్లకు పైగా సొమ్ము గోడ దూకింది. సైబర్ భద్రత సరిగా లేదని 2023లో రిజర్వు బ్యాంకు 65 లక్షల జరిమానా వేసింది.

మరి లక్ష్మణరేఖ గీయాల్సిన పెద్దలో? ఏడాదికోసారి సమోసా పెట్టి స్లైడ్లు చూపిస్తారు. పొరపాటున నొక్కానని నిజాయతీగా చెప్పినవాడికి మెమో ఇస్తారు. ఇక రెండోసారి ఎవడు నోరు విప్పుతాడు? 'భద్రాద్రి123' అన్న పాస్‌వర్డ్ మాత్రం పసుపు చీటీ మీద, మానిటర్‌కు అంటుకుని, టీ కుర్రాడికి కూడా దర్శనమిస్తుంటుంది.

ఈమధ్య ఓ ఆఫీసులో లాగిన్‌కు ఓటీపీ తప్పనిసరి చేశారు. అందరికీ, పెద్దసారుకు తప్ప. ఆరంకెలు కొట్టడం ఆయనకు చిరాకట!