తట్టుకునే ముసలాళ్లు కావలెను

2017-18లో మన దేశం ముసలితనాన్ని కొలిచింది. ‘లాసీ’ అనే ఆ సర్వే 45 ఏళ్లు నిండినవాళ్లూ, వాళ్ల జీవిత భాగస్వాములూ కలిపి 72 వేల మందికి పైగా జనం గడప తొక్కింది. బీపీ చూశారు, వేలి నుంచి రక్తపు చుక్క తీశారు, పిడికిలి బలం లెక్కగట్టారు, పది మాటలు చెప్పి అప్పజెప్పమన్నారు. 2021 జనవరిలో తేలిందేమిటయ్యా అంటే, అరవై దాటినవాళ్లలో నూటికి 75 మందికి ఏదో ఒక దీర్ఘవ్యాధి! రామాలయం అరుగు మీద అడిగినా చెప్పేవారే గాని, అరుగు మీది మాటకి అనుబంధ పట్టికలుండవు కదా.

లాసీతో నాకు పేచీ లేదు. ఆ లెక్క ఉండాల్సిందే. నా కడుపుమంటంతా దాని వెనకాల బయల్దేరిన చిన్నా చితకా పరిశోధకుల మీద. “నిరుపేద వృద్ధులు దీర్ఘవ్యాధులను ఎలా తట్టుకుంటున్నారు?” అని వీళ్ల ఆరాటం. ఎలా ఏమిటి బాబూ! షుగరు బిళ్లని సగానికి విరుచుకుని. నెల మందుని రెండు నెలలు సాగదీసుకుని. కాలి పుండుకి పసుపద్దుకుని. పరిశోధకుడు వీటన్నిటికీ ‘స్వీయ నిర్వహణ’ గడిలో టిక్కు పెడతాడు. కొడుకు హైదరాబాదు నుంచి పండక్కి ఫోన్ చేస్తాడా? అయితే ‘కుటుంబ మద్దతు: ఉంది’.

“అవ్వా, పోయిన వారంలో ఎన్నిసార్లు దిగులేసింది? అసలు లేదా, అప్పుడప్పుడా, తరచుగానా?”

“అది సరే నాయనా, బిళ్లలేమన్నా తెచ్చావా?”

ఆ జవాబుకి ఫారంలో గడి లేదు.

పేద వృద్ధుల పింఛనులో కేంద్రం వాటా నెలకి 200 రూపాయలు. 2007లో ఆ పథకానికి ఇందిరాగాంధీ పేరు పెట్టిన నాడూ అంతే, నేడూ అంతే. షుగరు పెరిగింది, బీపీ పెరిగింది, మందుల ధరా పెరిగింది. ఈ వాటా మాత్రం ఏ పథ్యం చేస్తోందో గాని, ఒక్క రూపాయి ఒళ్లు చేయలేదు. రాష్ట్రాలు తలా కొంత కలపబట్టి పరువు దక్కుతోంది. దానితోనే నెట్టుకొచ్చి 80 నిండించారా, కేంద్రం 500 బహుమానమిస్తుంది.

2024లో ఇంకో వరం: డెబ్బై నిండినవాళ్లకి ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వైద్యం. షరతల్లా ఒకటే, ఆసుపత్రిలో చేరాలి. ఏళ్ల తరబడి ఇంట్లో మింగే బిళ్ల దాని కంటికి ఆనదు. అది పీహెచ్‌సీలో ఉచితమే, స్టాకుంటే. పుండు ముదిరి కాలు తీసేయాల్సి వచ్చిన రోజున మాత్రం కార్డు భేషుగ్గా పనిచేస్తుంది. అవ్వ రెండో విడత అధ్యయనానికీ అర్హత సంపాదిస్తుంది. ఒంటి కాలితో ఎలా తట్టుకుంటోందన్న అంశానికి నిధులు ఇంకా తొందరగా మంజూరవుతాయట.