ఎదుటివారి ఖర్చు తగ్గించడం ఎలా?

ధరలు మండినప్పుడు మనిషికి ముందుగా కనిపించేది ఇంట్లో మిగతావాళ్ళ దుబారా. తనది ఎప్పుడూ అవసరమే. పొదుపు గురించి మా ఇంట్లో అఖిలపక్ష సమావేశం పెట్టినప్పుడల్లా జరిగేది ఇదే. పేపరు మానేద్దామంటాడు మా అబ్బాయి, అన్నీ ఫోన్లో వస్తున్నాయి కదా అని. ముందు నీ ఫోన్ రీఛార్జి సంగతి చూద్దామంటాను నేను. మా ఆవిడ నా సాయంత్రం టీ మీద కన్నేస్తుంది. నేను ఆవిడ సీరియళ్ళ కోసం కడుతున్న కేబుల్ బిల్లు ఎత్తుతాను. మా అమ్మ ఎవరి పేరూ ఎత్తదు. "మీ నాన్న ఒక్క జీతం మీద ఇంటిల్లిపాదీ బతికాం" అని ఒక్క మాటతో అందర్నీ దోషులను చేసి జపమాల అందుకుంటుంది. ఏ తీర్మానమూ లేకుండా సమావేశం వాయిదా పడుతుంది. మధ్యలో అందరికీ టీ మాత్రం వస్తుంది.

2023 జూలైలో టమాటా కిలో 200 రూపాయల దాకా పోయినప్పుడు ఈ సమావేశాలు ముమ్మరమయ్యాయి. మేముండేది విజయవాడ. మదనపల్లె టమాటా మా రాష్ట్రానిదే గాని, ఆ నెల అది మామూలు మనుషులకు అందేటట్టు లేదు. దేశంలో చిల్లర ద్రవ్యోల్బణం 7.44 శాతమని లెక్క తేలింది. ఆ ముక్క పేపర్లో చదివి వినిపిస్తే మా ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "ఏ ఊళ్ళోనండీ?" అంది. అది సగటని, అందులో అద్దెలు, బట్టలు, బస్సు చార్జీలు అన్నీ కలుస్తాయని, కూరగాయలు ఒక్కటే తీస్తే 37 శాతం పైనే ఉందని విడమరిచి చెప్పాను. "నేను కొనేది టమాటాలు. సగటు కాదు" అంది. ఆర్థికశాస్త్రం మీద నేను విన్న విమర్శల్లో ఇంతకంటే సూటిది లేదు.

ప్రభుత్వం రైతుబజార్లలో కిలో 50కి అమ్మించింది. మనిషికి కిలో. ఈ వార్త చెవినపడగానే మా కింద వాటా ఆయన భార్యను, ఇద్దరు పిల్లల్ని, ఊరికే చూసిపోదామని వచ్చిన బావమరిదిని ఆటో ఎక్కించాడు. అయిదు తలకాయలు, అయిదు కిలోలు. రానూ పోనూ ఆటోకి ఎంతయిందో, క్యూలో ఏడవకుండా పిల్లలకు కొనిచ్చిన ఐస్‌క్రీములకు ఎంతయిందో, అన్నీ కలిపితే కిలో ఎంత పడిందో ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. బావమరిది మాత్రం ఆ సాయంత్రమే బస్సెక్కాడు.

మా అమ్మకు ఆ నెలంతా పండగే. "రామములక్కాయలు లేకపోతే పప్పు ఉడకదంటే?" అని వంటింటి పగ్గాలు చేతిలోకి తీసుకుంది. కందిపప్పు ముందే నానబెడుతుంది. గిన్నె మీద పళ్ళెం మూసి, ఆ పళ్ళెంలో నీళ్ళు పోస్తుంది. కింద పప్పు ఉడికేలోగా పైన నీళ్ళు కాగుతాయి. పప్పులో పొయ్యాల్సి వచ్చినప్పుడు ఆ నీళ్ళే. సిలిండరు 1100 దాటిన రోజులు కదా, మా ఆవిడ కూడా కిమ్మనకుండా చూసి నేర్చుకుంది. పులుపుకి చింతపండు, గోంగూర, వేసవిలో ఎండబెట్టిన మామిడి ఒరుగులు. నిజం చెప్పొద్దూ, ఒరుగుల పప్పు ముందు టమాటా పప్పు దిగదుడుపే. కానీ రోజూ నిజం తినడం కష్టం. చివరికి మా అబ్బాయి ఉండబట్టలేక, నాన్నమ్మ గుడికి వెళ్ళిన సమయం చూసి హోటల్ నుంచి టమాటా పప్పు తెప్పించాడు. అందులోనూ చింతపండే ఉంది.

నూనె కథ అంతకుముందు ఏడాదిది. 2022లో రష్యా ఉక్రెయిన్ మీద పడింది. మనకొచ్చే పొద్దుతిరుగుడు నూనెలో పెద్ద వాటా అక్కడిది. ఇండోనేషియా కూడా ఏప్రిల్‌లో పామాయిల్ ఎగుమతి ఆపేసింది, కొన్నివారాలే అనుకోండి. మా మూకుట్లో అప్పడాలు వేయించడం మానేసి నిప్పులమీద కాల్చుకున్నాం. అప్పడాలు యుద్ధంలో పాల్గొన్నట్టే ఉండేవి. తర్వాత ధర దిగింది. ప్యాకెట్ ధర చూసి మేమూ సంతోషించాం. ఒకరోజు మా ఆవిడ ఖాళీ ప్యాకెట్ తెచ్చి నా ముందు పెట్టింది. "నెలాఖరు దాకా వచ్చేది ఇరవై ఎనిమిదికే అయిపోతోంది. మీరేమన్నా తాగుతున్నారా?" అని. కళ్ళజోడు పెట్టుకుని వెనకవైపు చదివితే 850 గ్రాములని ఉంది. లీటరు నూనె బరువు 910 గ్రాములు. రంగు అదే, బొమ్మ అదే, ఎత్తు కూడా దాదాపు అదే. బిస్కెట్లు, సబ్బులు అంతకుముందే సన్నబడ్డాయి. మా అఖిలపక్షం ఇన్నేళ్ళుగా సాధించలేనిది ఈ కంపెనీలు చప్పుడు కాకుండా సాధించాయి. పొదుపు వాళ్ళది, కోత మనది.

ఇప్పుడు ప్యాకెట్ మీద గ్రాముకో, మిల్లీలీటరుకో ఎంత పడుతుందో కూడా వెయ్యాలని నిబంధన ఉంది. వేస్తున్నారు కూడా. కొనేముందు తిప్పి చూడండి. కళ్ళజోడు మర్చిపోకండి, అక్షరాల విషయంలోనూ పొదుపు పాటిస్తున్నారు.