ఇద్దరికి తొలి క్యాంపర్: తలకిందుల సలహాలు

ఆర్‌వీ, అంటే లోపలే పడుకుని వండుకునే బండి, కొనాలనుకునే జంటకు అమెరికాలో నలుగురూ చెప్పే మాటలు దాదాపు ఒకటే. కొంచెం పెద్దదే తీసుకోండి, మళ్లీ మళ్లీ మార్చుకోలేరు. షవరు, టాయిలెట్, పెద్ద ఫ్రిజ్, ఆరుగురికి పడకలు, మీట నొక్కితే బయటికి జరిగే గోడ, అన్నీ ఉన్నది చూసుకోండి. కొత్తదైతే వారంటీ వస్తుంది, లోను సులువుగా దొరుకుతుంది. నా సలహాలు దాదాపు అన్నీ వీటికి ఎదురు. చిన్నది తీసుకోండి. పాతది తీసుకోండి. వీలైతే మొదటి ఏడాది ఏమీ కొనకండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగాలు చేసుకుంటూ, శుక్రవారం సాయంత్రం లాప్‌టాప్ మూసి బయల్దేరి ఆదివారం రాత్రికి ఇల్లు చేరే తెలుగు దంపతుల్ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను. బయట గడపడానికి కొన్న బండి మిమ్మల్ని లోపలే కూర్చోబెట్టకూడదన్నది నా పట్టుదల.

బండి కంటే ముందు దారిని కొలవండి

అందరూ బండి కొన్నాక ఎక్కడికి వెళ్లాలో చూస్తారు. మీరు ఎక్కాలనుకున్న ఘాట్ రోడ్డు ఏదో ముందు తేల్చుకోండి. మోంటానాలో గ్లేషియర్ నేషనల్ పార్కు ఉంది. దాన్ని అడ్డంగా దాటే గోయింగ్ టు ద సన్ రోడ్డులో అవలాంచ్ క్రీక్ నుంచి రైజింగ్ సన్ దాకా 21 అడుగులు మించిన బండిని రానివ్వరు. బంపర్లు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. యూటాలోని జయాన్ నేషనల్ పార్కులో మౌంట్ కార్మెల్ సొరంగం 1930లో పూర్తయింది. ఆనాటి కార్ల కొలతలకు తవ్వినది. 11 అడుగుల 4 అంగుళాల ఎత్తు, 7 అడుగుల 10 అంగుళాల వెడల్పు దాటిన బండి అందులో తన వరుసలో తాను పోలేదు. టెక్సస్ వాళ్లు లాంగ్ వీకెండ్ రాగానే బిగ్ బెండ్ వైపు చూస్తారు కదా, అక్కడ చిసోస్ బేసిన్‌కు దిగే మలుపుల్లో 24 అడుగులు దాటిన ఆర్‌వీలు వద్దని పార్కు వాళ్లే చెబుతారు.

ఇక బండ్ల పొడవులు చూడండి. మెర్సిడెస్ స్ప్రింటర్ పొడుగు చాసిస్ మీద కట్టిన వ్యాన్లు 23, 24 అడుగులుంటాయి. డ్రైవర్ నెత్తిన పడక ఉండే క్లాస్ సీ బళ్లు చాలావరకు అక్కడి నుంచే మొదలవుతాయి. పొట్టి స్ప్రింటర్ అయితే 20 అడుగుల లోపే. రామ్ ప్రోమాస్టర్‌లో అన్నిటికంటే పొడుగుది కూడా 21 దగ్గర ఆగుతుంది. నా మాట వింటే 20 అడుగుల దగ్గర గీత గీసేయండి. ఆ రెండు మూడు అడుగుల కోసం గ్లేషియర్‌లో ఆ కొండదారిని వదులుకోవడం నాకు మింగుడుపడని విషయం. జాగా చాలదనిపిస్తే సామాను తగ్గించండి.

మొదటి క్యాంపర్ మీ గరాజ్‌లోనే ఉంది

మనవాళ్ల ఇళ్లలో సియెన్నానో ఒడిస్సీనో, ఏదో ఒక మినీవ్యాన్ ఉండనే ఉంటుంది. పొడవు 17 అడుగులు. ఒడిస్సీ మధ్య వరుస సీట్లు తీసి గరాజ్‌లో పెట్టేయొచ్చు. కొత్త హైబ్రిడ్ సియెన్నాల్లో మధ్య సీట్లు ఊడిరావు, వాటిని ముందుకు జరిపి వెనక వరుసను నేలలోకి మడుచుకోవాలి. దాని మీద ప్లైవుడ్ చెక్క, నాలుగంగుళాల ఫోమ్ పరుపు, కిటికీలకు కొలతకు కత్తిరించిన వెండిరంగు తెరలు. హోమ్ డిపోలో ఒక పూట గడిపితే సరిపోయే పని. పడుకునే ముందు మాత్రం ఇద్దరూ కాళ్లు చాపి కొలుచుకోండి, పొడుగరి ఉంటే పరుపు మూలగా వేసుకోవాల్సి వస్తుంది.

దీంతో ఒక ఏడాది తిరగండి. రాత్రి బయటికి లేవడం ఎంత ఇబ్బందో, చలిలో నిద్ర పట్టిందో లేదో, ఇద్దరిలో ఎవరికి ముందు విసుగొస్తుందో ఇక్కడే తెలిసిపోతుంది. ఏడాది చివర మీకు నిజంగా ఏం తక్కువైందో ఒక కాగితం మీద రాస్తే ఆ జాబితా పొట్టిగా ఉంటుంది. దాన్ని పట్టుకుని వ్యాన్ చూడండి. జాబితా ఖాళీగా ఉంటే ఏమీ కొనక్కర్లేదు, డీలర్ ఫోన్ చేసినా సరే.

కొన్నాక ఎక్కడ పెడతారో కూడా ఈ ఏడాదిలోనే తేల్చుకోవాలి. చాలా కాలనీల్లో హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఇంటి ముందు ఆర్‌వీని రాత్రుళ్లు ఉంచనివ్వరు. గరాజ్ తలుపు ఎత్తు సాధారణంగా 7 అడుగులు, క్యాంపర్ వ్యాన్ 9 అడుగుల పైమాటే. స్టోరేజీ స్థలం అద్దె ప్రతి నెలా కట్టాలి. అది ఇంటికి 40 నిమిషాల దూరంలో ఉంటే శుక్రవారం సాయంత్రాలు దానికే సరిపోతాయి.

అమ్మానాన్నల కోసం పడకలు కొనకండి

ఈ మాట కొందరికి నచ్చదని తెలుసు. ఏటా కొన్ని నెలలు అమ్మానాన్న వస్తారు, అత్తయ్యగారూ మావయ్యగారూ వస్తారు, అందుకని ఆరుగురు పట్టేది తీసుకుంటారు. వాళ్లను ఎంత బాగా చూసుకోవాలనుకుంటే అంత గట్టిగా చెబుతున్నాను, వద్దు. డ్రైవర్ నెత్తిమీది పడకకు నిచ్చెన ఎక్కాలి. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారు అర్ధరాత్రి చీకట్లో ఆ నిచ్చెన దిగాలి. పైగా పడకలు ఆరున్నంత మాత్రాన సీటు బెల్టులు ఆరు ఉండాలని లేదు. బెల్టు లేని చోట మనిషిని కూర్చోబెట్టి నడపకూడదు. పెద్దవాళ్లు వచ్చినప్పుడు మీ కారులోనే తీసుకెళ్లి, పార్కు దగ్గర మంచి గది తీసుకోండి. వాళ్లకు కావాల్సింది వేన్నీళ్లు, గట్టి మంచం, పొద్దున్నే కాఫీ. ఏడాదికి ఒకటి రెండు ప్రయాణాల కోసం మిగతా ప్రయాణాలన్నిటిలో నాలుగు ఖాళీ పడకలు మోసుకు తిరగడంలో అర్థం లేదు.

తాలింపు వేయకుండా కొనకండి

బండి చూడ్డానికి వెళ్లినవాళ్లు ఇంజను గురించి గంట అడిగి, వంటగట్టు దగ్గర ఒక నిమిషం నిలబడతారు. నేను అక్కడే మొదలుపెట్టమంటాను. మీరు కొనాలనుకున్న రకం వ్యాన్‌ను ముందు అద్దెకు తీసుకోండి. అది కూడా జూన్‌లో వద్దు, నవంబరులో, వాన పడే వారాంతంలో. తలుపులు మూసుకుని లోపల పప్పుచారు పెట్టండి. నూనె కాగి, ఆవాలు చిటపటలాడి, ఎండుమిర్చి వేసిన అరనిమిషానికి పొగ అలారం మోగుతుంది. ఇంగువ వాసన పరుపులోకి, దిండ్లలోకి పోయి కూర్చుంటుంది. ఆ రాత్రి దాని మీదే పడుకోవాలి.

అందుకే కప్పులో 14 అంగుళాల ఫ్యాను పొయ్యికి దగ్గరగా ఉందా, గాలి లోపలికి రావడానికి ఎదురుగా కిటికీ తెరుచుకుంటుందా అన్నది నాకు ఇంజను కంటే ముందు ప్రశ్న. పొయ్యి పక్క తలుపు దగ్గరుండి, తలుపు తీస్తే సగం బయట నిలబడి వండుకునే వీలుంటే మరీ మంచిది. తాలింపు వరకు బయట టేబుల్ మీద చిన్న స్టవ్ పెట్టుకుని వేసుకుంటే ఇంకా మేలు. ఎలుగుబంట్లు తిరిగే పార్కుల్లో మాత్రం వంట అవగానే స్టవ్వు, గిన్నెలు, మిగిలిన అన్నం అన్నీ ఆ పార్కు వాళ్లు చెప్పిన చోట పెట్టి మూసేయాలి. కడిగిన గిన్నె అయినా సరే బయట ఉంచకూడదు.

యెల్లోస్టోన్ సరస్సు 7,700 అడుగుల పైన ఉంది. అక్కడ నీళ్లు సుమారు 92 డిగ్రీల సెల్సియస్‌కే మరుగుతాయి. ఎంతసేపు మరిగించినా వేడి అంతకు మించదు కాబట్టి మామూలు గిన్నెలో కందిపప్పు త్వరగా మెత్తబడదు, అన్నం ఉడకడానికీ ఎక్కువసేపు పడుతుంది. షవరున్న వ్యాన్ కంటే రెండు లీటర్ల ప్రెషర్ కుక్కర్ పట్టే అర ఉన్న వ్యాన్ మీకు ఎక్కువ పనికొస్తుంది.

నీళ్ల లెక్క కూడా వంటగట్టు దగ్గరే తేలుతుంది. గాలన్ నీళ్లు 8 పౌండ్ల పైమాటే. 20 గాలన్ల ట్యాంకు నింపితే 167 పౌండ్లు. బియ్యం రెండుసార్లు కడిగి, కూర గిన్నె జిడ్డు వదిలేదాకా తోమి, టీ గ్లాసులు కడిగితే ఆ నీళ్లు రెండు రోజులు కూడా రావు. వాడిన ప్రతి చుక్కా కింద గ్రే ట్యాంకులోకి చేరుతుంది. దాన్ని నేల మీద వదలకూడదు, డంప్ స్టేషన్‌కే తీసుకెళ్లాలి. నూనె గిన్నెల్ని ముందు పేపర్ టవల్‌తో తుడిచి, తర్వాతే కడగండి. బియ్యం ఇంట్లోనే కడిగి ఆరబెట్టి డబ్బాలో పోసి తెచ్చుకోండి. వారాంతానికి పులిహోర, రొట్టెలు ఇంటి నుంచే కట్టుకుంటే వచ్చే నష్టమేమీ లేదు. రైలు ప్రయాణాల్లో మన పెద్దవాళ్లంతా అదే చేశారు, హాయిగా తిరిగారు.

షవరు, ఏసీ

షవరు అక్కర్లేదు. చాలా స్టేట్ పార్కుల్లో, ప్రైవేటు క్యాంప్‌గ్రౌండ్లలో స్నానాల గదులుంటాయి. వ్యాన్‌లో షవరు ఉన్నచోట చివరికి బూట్లు, కుర్చీలు చేరతాయి. టాయిలెట్ మాత్రం ఉండాలి. అది సూట్‌కేసులా బయటికి లాగి ఖాళీ చేసుకునే క్యాసెట్ రకం అయితే ఇద్దరికి రెండు మూడు రోజులు చాలు, మామూలు బాత్రూమ్ టాయిలెట్‌లోనూ పోసేయొచ్చు.

ఏసీ దగ్గర లెక్క కట్టండి. 100 ఆంపియర్ అవర్ల లిథియం బ్యాటరీలో ఉండేది సుమారు 1,280 వాట్ అవర్లు. కప్పు మీది ఏసీ 1,300 వాట్ల దగ్గర లాగుతుంది. అంటే గంట కూడా రాదు. రాత్రంతా ఏసీ నడవాలంటే అలాంటి బ్యాటరీలు ఎన్ని కావాలో, వాటి ధరెంతో మీరే చూసుకోండి. జెనరేటర్ ఉందంటారు. రాత్రి పదింటికి క్యాంప్‌గ్రౌండ్‌లో దాన్ని ఆపేయాలి. ఎండాకాలం టెక్సస్ మైదానాల్లో పడుకోవాలనే ఆలోచన మానుకుని, ఎత్తుగా చల్లగా ఉండే కొండల్లోకి వెళ్లండి. దానికి ఫ్యాను చాలు.

పాతదాన్ని వేలితో నొక్కి చూడండి

అమెరికా ఆర్‌వీల్లో అధిక భాగం ఇండియానాలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారవుతాయి. వాటిలో పెట్టెలాంటి బళ్లు చాలావరకు చెక్క ఫ్రేము, పల్చటి ఫైబర్‌గ్లాస్, అతుకుల మీద సీలెంట్. ఆ సీలెంట్ ఎండకు పగులుతుంది. నీళ్లు లోపలికి పోయి చెక్కను ఏళ్ల తరబడి కనిపించకుండా తింటాయి. పక్కకి జరిగే గోడ ఉంటే నీళ్లకు మరో దారి దొరికినట్టే. వ్యాన్‌కైతే ఫ్యాక్టరీలో వచ్చిన ఇనుప ఒళ్లు. ఫ్యాను కోసం, ఏసీ కోసం కోసిన కంతల చుట్టూ చూసుకుంటే చాలు. అందుకే ఎనిమిదేళ్ల వ్యాన్ కొనమని ధైర్యంగా చెబుతాను, ఎనిమిదేళ్ల పెట్టె బండికి ఆ ధైర్యం చేయను.

చూడ్డానికి వాన వెలిసిన మర్నాడు వెళ్లండి. మూలల్లో, కిటికీల కింద గోడను వేలితో నొక్కండి, మెత్తగా లోపలికి పోతే వచ్చేయండి. టైర్లు కొత్తగా మెరుస్తున్నా నమ్మకండి. పక్కన డాట్ నంబరు చివరి నాలుగంకెలు చూడండి. 2319 అంటే 2019లో 23వ వారం. నిలబడి ఉన్న బండికి అరుగుదల కనబడదు, రబ్బరు మాత్రం ముసలిదవుతుంది. తలుపు దగ్గర అతికించిన కాగితం మీద మనుషులు, సామాను కలిపి ఎంత బరువు మోయొచ్చో రాసి ఉంటుంది. దానిలోంచి మీ ఇద్దరి బరువు, నిండు ట్యాంకు నీళ్లు, సైకిళ్లు, బియ్యం డబ్బా తీసేస్తే ఏం మిగులుతుందో అమ్మేవాళ్ల ముందే లెక్కేయండి. కొన్నాక ఒకసారి అన్నీ నింపుకుని, ట్రక్ స్టాపుల్లో ఉండే క్యాట్ కాటా ఎక్కించండి.

డీలర్ 15 ఏళ్ల లోను ఇస్తానంటే అది మీకు చేస్తున్న ఉపకారం కాదు. నెలకు కట్టేది చిన్నదిగా కనిపించేలా సాగదీశారంతే. ఇంటి మార్ట్‌గేజ్‌కి తోడు సెలవుల మార్ట్‌గేజ్ పెట్టుకున్నవాళ్లు ఆ కిస్తీ గిట్టుబాటు కావాలని ఒళ్లు బాగోకపోయినా బయల్దేరతారు. చేతిలో ఉన్న డబ్బుతో వచ్చేది కొనండి.

తాళాలు ముందు ఎవరికి ఇవ్వాలి

టెస్ట్ డ్రైవ్‌కు ఇద్దరిలో తక్కువ నడిపేవాళ్లు ముందు కూర్చోవాలి. మన ఇళ్లలో అది చాలాసార్లు భార్య. భర్త నడుపుతాడు, ఆవిడ పక్కన కూర్చుని ఫోన్‌లో దారి చెబుతుంది, దిగాక వండుతుంది, తోముతుంది. పెద్ద ఆర్‌వీ కొన్నప్పుడు ఈ ఏర్పాటు మరీ గట్టిపడిపోతుంది. 30 అడుగుల బండిని తాను తిప్పలేనని ఆవిడ మొదటిరోజే పక్కకి తప్పుకుంటుంది. ఇంట్లో ఉన్న వంటిల్లే కొండల్లో కూడా ఎదురైతే ఆవిడకు ఆ ప్రయాణం దేనికి?

కాబట్టి ఆవిడ హైవే మీద నడపాలి, గ్యాస్ స్టేషన్‌లోకి తిప్పాలి, ఖాళీ చోట రివర్స్ చేసి రెండు గీతల మధ్య పెట్టాలి. ఆయన కింద నిలబడి చేతులూపడానికి వీల్లేదు, కెమెరా, అద్దాలే చాలు. ఆ బండి ఆవిడకు భయమేస్తే ధర ఎంత బాగున్నా వదిలేయండి. ఆయన కూడా అదే రోజు వంటగట్టు దగ్గర నిలబడి ఏ అర ఎక్కడ తెరుచుకుంటుందో, గ్యాస్ ఎక్కడ కట్టేయాలో, క్యాసెట్ ఎలా లాగాలో నేర్చుకోవాలి. నడిపే వంతు, వండే వంతు, క్యాసెట్ ఖాళీ చేసే వంతు మారుతుండాలి. టైటిల్ మీద ఇద్దరి పేర్లూ రాయించండి. కొన్నరోజు దాన్ని ఇంటికి ఆవిడే తోలుకురావాలి.