మా వసారా కబ్జా వృత్తాంతం

ఇల్లున్న మహాశయులారా, మీకూ బావమరిది ఉండే ఉంటాడు. ఆ బావమరిదికి ఎప్పుడో ఒకప్పుడు వ్యాపారం ఆలోచన వచ్చే ఉంటుంది. అయితే నా గోడు మీకు సగం తెలిసినట్టే. మిగతా సగం మా వసారాలో ఉంది.

2020 మార్చి 13న కేంద్రం మాస్కును నిత్యావసర వస్తువుగా ప్రకటించి ఎరువులు, తిండిగింజలు, పెట్రోలు సరసన కూర్చోబెట్టింది. కొద్ది రోజులకే మూడు పొరల మాస్కు పది రూపాయలకు మించి అమ్మరాదని ధర కట్టింది. అది చదివి మీరూ నేనూ నాలుగు మాస్కులు కొనుక్కుని ఊరుకుంటాం. రేపల్లెలో మా బావమరిది పెన్సిలు తీసుకున్నాడు. మాస్కులు చేసే యంత్రం కొంటే నిమిషానికి నూరు, గంటకు ఆరువేలు, ఒక్కోటి పది రూపాయలు, రాత్రింబవళ్ళు నడిపితే వారానికి కోటి! బాపట్లలో మా వియ్యంకుడుగారు ఆ లెక్క చూసి వాటాకు దిగారు. అమ్మాయినిచ్చిన చోట నోరెత్తగలమా? నవ్వాను.

యంత్రం ఎక్కడ పెట్టాలన్నది తర్వాతి సమస్య. బాపట్లలో సూర్యలంక ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుందట. రేపల్లె ఇంట్లో త్రీఫేజు కరెంటు లేదట. ఇక మిగిలింది తెనాలి. రేపల్లె రైలైనా బాపట్ల రైలైనా తెనాలి రావాల్సిందే కదా అన్నారు. ఆ రైళ్ళు రెండూ అప్పటికి ఆగిపోయి ఉన్నాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు. జంక్షన్లో ఇల్లు కట్టుకున్న నేరానికి వసారా పోయింది, వాలుకుర్చీతో సహా.

చైనాలో ఓడెక్కిన మా యంత్రం చెన్నై రేవుకు చేరేసరికి జూన్ వచ్చింది, గల్వాన్ లోయలో ఘర్షణ జరిగింది, చైనా సరుకు ప్రతి పెట్టే విప్పి చూడాలన్నారు. రెండు మహారాజ్యాలు హిమాలయాల మీద తలపడినందుకు ఆ కాస్త రోజులూ నేను వసారాలో కాళ్ళు చాపుకున్నాను. దేశభక్తి అంత హాయిగా ఎన్నడూ లేదు.

వచ్చింది. ఆటోమేటిక్ కదా, మీట నొక్కితే చాలనుకున్నారు మావాళ్ళు. పైపొరకో రోలు, లోపొరకో రోలు, మధ్యలో వడపోతకు మెల్ట్‌బ్లోన్ రోలు. ఆ మధ్య రోలు ధర అడిగితే బంగారం కొట్టువాడే నయమనిపించింది. ఈ మూడింటినీ కలిపి మడత పెట్టాలి, ముక్కు దగ్గర తీగ దూర్చాలి, సూదీ దారం లేకుండా అల్ట్రాసోనిక్ కంపనాలతో అతికించాలి, కొయ్యాలి, చెవులకు ఎలాస్టిక్ తగిలించాలి. ఒక రోలు అర అంగుళం పక్కకు జరిగితే మడత జారుతుంది, మడత జారితే తీగ బయటికొస్తుంది, తీగ బయటికొస్తే మిషను ఆగుతుంది, మిషను ఆగితే బావమరిది నన్ను పిలుస్తాడు. ఎలాస్టిక్ సంగతి అడక్కండి. గోనెలకొద్దీ ఒంటిచెవి మాస్కులు.

ఆ కంపనాలు సెకనుకు ఇరవై వేలట, మనిషి చెవికి అందవట. మా వీధి కుక్కలకు అందాయి. మనిషి చెవికి అందడానికి కంప్రెసరొకటి ప్రత్యేకంగా తెప్పించారు. ఇవన్నీ సరే. శుభ్రత పేరిట, నా తాత పేరున్న ఇంట్లో, నా వసారాలోకి నేనే తలకు ప్లాస్టిక్ టోపీ తగిలించుకుని అడుగుపెట్టాలన్నారే, ఆ పరాభవాన్ని ఏ రాజ్యాంగ ధర్మాసనం ముందు విన్నవించుకోను? మా ఆవిడ ముందు విన్నవించాను. టోపీ బాగుందంది.

ఇంతలో కొనేవాళ్ళేరీ? ఏప్రిల్‌లోనే రాష్ట్ర ప్రభుత్వం మనిషికి మూడు చొప్పున పదహారు కోట్ల గుడ్డ మాస్కులు పంచాలని తలపెట్టి, డ్వాక్రా మహిళలకు కుట్టుపని అప్పగించింది. ఒక్కో మాస్కుకు కూలి మూడున్నర రూపాయలు. మా వీధి చివర ఒకామె కాలితో తొక్కే మిషను మీద, చెన్నై రేవుతోగానీ త్రీఫేజుతోగానీ నిమిత్తం లేకుండా, రెండు చెవులూ ఉన్న మాస్కులు కుట్టి అప్పజెప్పింది. ఉతుక్కుని మళ్ళీ కట్టుకోవచ్చు కూడాను. మేము పది రూపాయల నుంచి అయిదుకు, అయిదు నుంచి రెండుకు దిగాం. ఆ తర్వాత ధర అడగడం మానేశారు. ఇంటికొచ్చిన వాళ్ళకు బొట్టుపెట్టి డబ్బా ఇచ్చేవాళ్ళం.

2022 మార్చి 31తో కేంద్రం కోవిడ్ ఆంక్షలకు మంగళం పాడింది. ఏప్రిల్ 4న కొత్త జిల్లాలొచ్చాయి. రేపల్లె బావమరిదీ బాపట్ల వియ్యంకుడుగారూ హాయిగా బాపట్ల జిల్లాకు పోయారు. గుంటూరు జిల్లాలో యంత్రమూ నేనూ మిగిలాం.

మొన్న పాత ఇనుము కొనేవాణ్ణి పిలిచాను. యంత్రం చుట్టూ తిరిగి, తట్టి చూసి, పెదవి విరిచి, కంప్రెసరొక్కటైతే తీసుకుంటానన్నాడు. ఫోనులో సంగతి విన్న బావమరిది హడలిపోయాడు.

"అది అమ్మేస్తే మిషను ఎలా నడుస్తుంది బావగారూ?"