కాగితానికి నెగెటివ్

2020 మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు బయటపడింది. ఆ వైరస్ దుబాయ్‌లో విమానమెక్కి, బెంగళూరులో దిగి, అక్కణ్ణుంచి బస్సులో హైదరాబాద్ చేరింది. దాన్ని ఎవరూ ప్రింటవుట్ అడగలేదు. ఆ తర్వాత ప్రపంచంలోని ప్రభుత్వాలన్నీ ఒక్కసారిగా మేలుకుని, వైరస్‌ని అడగాల్సినవన్నీ మనుషుల్ని అడగడం మొదలుపెట్టాయి.

దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో పిల్లర్ల కింద నడుస్తూ ఏ ఇంటి తలుపు తట్టినా కొడుకు డాలస్‌లోనో, కూతురు డబ్లిన్‌లోనో ఉంటారు. కన్సల్టెన్సీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, వాటి సందుల్లో జిరాక్స్ షాపులు. పరదేశాల ఆరోగ్య శాఖలన్నిటికీ మన దగ్గరున్న బ్రాంచి ఆఫీసులు అప్పట్లో ఈ షాపులే. చైతన్యపురిలో అలాంటి ఒక షాపులో, కొడుకు దగ్గరికి బయల్దేరిన పెద్దాయన పక్కన నిలబడి ఉంటే, షాపు కుర్రాడు ఆయన సెల్ఫ్ డిక్లరేషన్ నింపుతున్నాడు.

"అంకుల్, జ్వరముందా?"

"లేదు నాయనా."

"దగ్గు?"

పెద్దాయన జవాబు చెప్పబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగేలోపే కుర్రాడు 'నో' నొక్కేశాడు. "ఎస్ పెడితే ఫారం ముందుకు పోదంకుల్" అని ఇరవై రూపాయలు తీసుకున్నాడు.

రెండేళ్ల పాటు డబ్ల్యూహెచ్ఓ విలేకరుల సమావేశాలు పెట్టి చెప్పలేకపోయిన సంగతి ఆ కుర్రాడు ఒక్క ముక్కలో తేల్చేశాడు. జబ్బు ఉండాల్సిందీ, ఉండకూడనిదీ కాగితానికే. మనిషి దాని వెంట వచ్చే లగేజీ.

ఆ కాగితానికేమో మన పేర్లు పడవు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరం, పాస్‌పోర్టులో తాతల నాటి నుంచీ పూర్తిగా. టీకాలు నమోదు చేసే కొవిన్ పోర్టల్ ఆధార్‌ని నమ్మింది, ఎయిర్‌లైన్స్ కౌంటరు పాస్‌పోర్టుని నమ్మింది. రెండు డోసులు వేయించుకున్న వెంకట రమణారావుగారు ఈ రెండింటి నడుమ ఇద్దరు మనుషులయ్యారు. వారిలో టీకా పడినాయనకు టికెట్ లేదు, టికెట్ ఉన్నాయనకు టీకా పడలేదు.

ఇక ప్రయాణానికి ముందు చూపించాల్సిన 72 గంటల నెగెటివ్ రిపోర్టు వైభవం. ఎప్పట్నుంచి లెక్క? శాంపిల్ తీసినప్పట్నుంచా, రిపోర్టు వచ్చినప్పట్నుంచా? ఎప్పటిదాకా? శంషాబాద్‌లో మొదటి విమానం ఎక్కేదాకానా, దోహాలో రెండోది ఎక్కేదాకానా? పెళ్లి ముహూర్తం పెట్టే సిద్ధాంతి కూడా ఇన్ని గడియలు గుణించడు. ముక్కులో పుల్ల తిప్పిన క్షణం నుంచి వైరస్ మూడు రోజులు సెలవు పెడుతుందని శాస్త్రం. అందుకే ఆ సాయంత్రమే బంధువులంతా వచ్చి, ఒకే హాల్లో కూర్చుని బిర్యానీ తిని, పిల్లాణ్ణి వంతులవారీగా కౌగిలించుకుని సాగనంపారు. రిపోర్టు మాత్రం చెక్కు చెదరలేదు. దుబాయ్ ఇంకొంచెం గట్టిది. 2021లో 48 గంటల రిపోర్టు చాలదని, విమానం ముందు ఎయిర్‌పోర్టులోనే రాపిడ్ టెస్టు, దిగాక మరో టెస్టు అంది. ఒక్క ముక్కు, మూడు పుల్లలు.

టీకాల సైన్సు ఇంతకంటే ఘనం. కోవిషీల్డ్ రెండో డోసుకు 84 రోజులు ఆగాలన్నారు, ఆగితేనే బాగా పనిచేస్తుందన్నారు. 2021 జూన్‌లో చదువుకో, ఉద్యోగానికో, ఒలింపిక్స్‌కో వెళ్లేవాళ్లకు 28 రోజులు చాలన్నారు. మామూలు ఒంటికి మూడు నెలలు పట్టే పని, వీసా ఉన్న ఒంటికి నాలుగు వారాల్లో అయిపోతుందన్నమాట. నారాయణగూడ ఐపీఎం టీకా కేంద్రం ముందు అడ్మిషన్ లెటర్లు పట్టుకుని వరుస కట్టిన పిల్లలను చూసి యాంటీబాడీలు కూడా తొందరపడి ఉంటాయి.

అసలు తమాషా కోవాగ్జిన్‌ది. మన ఊరి టీకా. శామీర్‌పేట దగ్గర జీనోమ్ వ్యాలీలో భారత్ బయోటెక్ తయారు చేసింది. 2021 జనవరి 3న దేశంలో అనుమతి వచ్చింది. స్వదేశీ అని గర్వపడి ముందే వేయించుకున్న పిల్లలకు పరాయి దేశాల జాబితాల్లో చోటు లేదు. మా దేశం వచ్చి మరో టీకా మొదట్నుంచీ వేయించుకో అన్నాయి కొన్ని అమెరికా యూనివర్సిటీలు. పోనీ ఇక్కడే కోవిషీల్డ్ కూడా పొడిపించుకుందామంటే కొవిన్ ఒప్పుకోలేదు. శామీర్‌పేటలో పుట్టిన టీకా శంషాబాద్ దాటడానికి డబ్ల్యూహెచ్ఓ ఆమోదం కావాల్సి వచ్చింది, అది నవంబర్ 3న గానీ రాలేదు. మార్చి 1న అదే టీకా వేయించుకున్న ప్రధానమంత్రి మాత్రం సెప్టెంబర్‌లోనే అమెరికా వెళ్లొచ్చారు. ఆయన వెళ్లే కౌంటరు వేరు, అక్కడ జిరాక్స్‌లు అడగరు.

అదే సెప్టెంబర్‌లో బ్రిటన్ ఇంకో మెలిక పెట్టింది. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల టీకానే పుణెలో కోవిషీల్డ్ పేరుతో తయారైతే గుర్తుపట్టలేదు. మనవాళ్లు గోల చేశాక గుర్తుపట్టి, టీకాతో పేచీ లేదు, సర్టిఫికెట్‌తోనే అంది. చూస్తే అందులో ప్రధాని ఫొటో ఉంది, ప్రయాణికుడి పూర్తి పుట్టినతేదీ లేదు. ఎవరికి అవసరమైంది వాళ్లు వేసుకున్నారు, తప్పేముంది? అక్టోబర్ 4 నుంచి మనం కూడా పట్టుదలకు పోయి బ్రిటన్ వాళ్లకు పది రోజుల క్వారంటైన్ పెట్టాం. వారం తిరిగేసరికి వాళ్లు దిగొచ్చారు. ఆ వారంలో వైరస్ ఏ దేశం పక్షాన ఉందో ఎవరూ కనుక్కోలేదు.

ఈ కాగితపు మతానికి నిజమైన భక్తులు మాత్రం మలక్‌పేటలో దొరికారు, దిల్‌సుఖ్‌నగర్‌కు కూతవేటు దూరం. 2022 జనవరిలో టాస్క్‌ఫోర్స్ పోలీసులు పట్టుకున్న ముఠా, శాంపిల్ తీయకుండానే నెగెటివ్ రిపోర్టులు అమ్మింది. మోసమే, కాదనను. కానీ ఆ రిపోర్టులో పేరుంది, వయసుంది, తేదీ ఉంది, నెగెటివ్ అని ఉంది. లేనిదల్లా ముక్కులోకి వెళ్లిన పుల్ల ఒక్కటే. కౌంటర్లో దాన్నెవరూ అడగరు.