ఫ్లెక్సీ నాన్న

కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో ఈ ఫ్లెక్సీ నాన్న అంతస్తుకొకడైనా తగులుతాడు. ఉదయం పదకొండింటికి, ఊరంతా ఆఫీసుల్లో ఉండగా, చంకలో చంటిది, చెవిలో ఇయర్‌బడ్‌తో సెల్లారులో పచార్లు చేస్తుంటాడు. మా వాచ్‌మన్ మొదట్లో ఉద్యోగం ఊడిందేమోనని జాలిపడ్డాడు. ఆయనే కంపెనీ యజమాని అని తెలిశాక ఇంకాస్త జాలిపడ్డాడు.

లిఫ్టులో పలకరిస్తే "మా దగ్గర టైమింగ్స్ లేవండీ, పని అయిందా లేదా అన్నదే లెక్క" అంటాడు. టైమింగ్స్ లేని మాట నిజమే. రాత్రి ఒంటిగంటకు కూడా వాళ్ల బాల్కనీలో లైటు వెలుగుతూనే ఉంటుంది. భార్య జూనియర్ కాలేజీలో లెక్చరర్. ఆవిడ ఉద్యోగంలో వెసులుబాటు బొత్తిగా లేదు. పొద్దున బయోమెట్రిక్ మీద వేలు పెట్టాలి, సాయంత్రం మళ్లీ పెట్టాలి. ఆ రెండో వేలు పెట్టాక మర్నాటిదాకా కాలేజీ ఆవిడ జోలికి రాదు. అలాంటి ఉద్యోగం చేస్తోందని ఈయన బాధ.

ఇంటి పనులన్నీ క్యాలెండర్‌లో ఉంటాయి. పాప స్నానం 7:15, ఆకుపచ్చ. బాబు ఇడ్లీ 8:10, నారింజ. అందరికీ ఇన్విటేషన్లు వెళతాయి. తెనాలి నుంచి వచ్చిన అత్తగారు మొదటిసారి అది ఫోన్లో చూసి "ఎవరి పెళ్లి బాబూ?" అని అడిగారు. బాబు మాత్రం ఇంతవరకూ ఏ ఇన్విటేషన్‌నూ మన్నించలేదు. 8:10 ఇడ్లీ 9:40కి కూడా బుగ్గలోనే ఉంటుంది.

ఆయన్ను చూడాలంటే ఇన్వెస్టర్‌తో మాట్లాడేటప్పుడు చూడాలి. మిక్సీ జారు తిరిగిచ్చేద్దామని వెళ్లి ఒకసారి నేను చూశాను. వెనకాల ఆరేసిన బట్టలు కనబడకుండా స్క్రీన్ మసక చేసుకుని కూర్చున్నాడు. కిరాణా కొట్ల లెక్కలు చూసే యాప్ ఆయనది. ఎన్ని కొట్లవాళ్లు మానేశారని బెంగళూరాయన అడిగాడు. ఈయన మ్యూట్ తీశాడు. సరిగ్గా అప్పుడే బాత్రూంలోంచి "నాన్నా, ఐపోయిందీ!" అని కేక. తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. బెంగళూరాయనకూ పిల్లలున్నట్టున్నారు, వెళ్లిరమ్మన్నాడు. కడిగి వచ్చేసరికి చంటిది ఎర్రబొత్తాం నొక్కి మీటింగు ముగించేసింది. ఆ కంపెనీ చరిత్రలో టైముకి ముగిసిన మీటింగు అదొక్కటే అనుకుంటాను.

నవ్వుతున్నాను గానీ, మా తరం నాన్నలకు పిల్లాడు ఏ క్లాసో పక్కింటివాళ్లు చెప్పాలి. ఈయనకు టీకాల తేదీలు నోటికొచ్చు. ఒంటిచేత్తో డైపర్ మార్చి, రెండో చేత్తో మెయిల్ పంపగలడు. పంపిన మెయిల్లో ఏముందన్నది వేరే సంగతి.

చట్టం కూడా ఈయనకు పెద్దగా తోడురాలేదు. 2017 సవరణతో తల్లులకు ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26కి పెరిగింది. 50 మందో అంతకు మించో పనిచేసే చోట శిశు సంరక్షణ కేంద్రం ఉండాలన్నారు. ఈయన దగ్గరున్నది పద్నాలుగు మంది. తండ్రి సెలవు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికైతే 15 రోజులు, ప్రైవేటు తండ్రికి ఆ చట్టంలో ఒక్క రోజూ లేదు. అందుకని తన కంపెనీలో ఎన్ని సెలవులైనా పెట్టుకోవచ్చని ప్రకటించాడు. ఎన్ని పెడితే బాగుంటుందో తెలియక ఎవరూ పెట్టడం లేదు. శిశు సంరక్షణ కేంద్రం మాత్రం ఇంట్లో నిక్షేపంగా నడుస్తోంది. ఆయా అత్తగారే. జీతం లేదు, వాటా లేదు.

మొన్న రాయదుర్గం టీహబ్‌లో, పిల్లల్ని పెంచుతూ స్టార్టప్ నడపడం ఎలాగో మాట్లాడమని పిలిచారు. వేదికెక్కి, పెన్‌డ్రైవ్ కోసం బ్యాగులో చెయ్యి పెడితే పాలపీక వచ్చింది. చప్పట్లే చప్పట్లు. "ఇదంతా మా టీం చలవ" అన్నాడు వినయంగా. ఆ టీం అప్పుడు కొండాపూర్‌లో, బాబు వెంట పప్పన్నం గిన్నెతో మూడో అంతస్తు మెట్లెక్కుతోంది.

ఆ వీడియో కూతురు చూపిస్తే అత్తగారు చివరిదాకా చూశారు. రాత్రి అల్లుడు లాప్‌టాప్ ముందు కూర్చున్నాక వచ్చి నిలబడ్డారు.

"అల్లుడుగారూ, మీ కంపెనీలో ఎన్ని సెలవులైనా ఇస్తారటగా. ఆదివారం నారాయణాద్రికి టికెట్ చేయించుకున్నాను."

ఆయన లాప్‌టాప్ మూసేశాడు. ఆ వేళప్పుడు అది మూతపడటం ఎవరూ చూడలేదు.

"నోటీసు పీరియడ్ ఉంటుంది కదా అత్తయ్యగారూ!"