ప్రశ్న ఉత్పన్నం కాదు

ఒరే అబ్బాయ్,

నిన్ను పర్యావరణ శాఖలో పార్లమెంటు సెక్షన్‌లో వేశారని అక్కయ్య ఫోన్ చేసి చెప్పింది. ఎవరూ చూడని మూలన పడేశారని మొహం వేలాడేసుకున్నావట. పిచ్చివాడా! వాతావరణం విషయంలో దేశం ప్రపంచానికిచ్చిన మాట ఎంతవరకు వచ్చిందని జనం తరఫున నిలదీసే చోటు ఒకటుందంటే అది పార్లమెంటే. ఆ గుమ్మం దగ్గర నిన్ను కూర్చోబెట్టారు. తలుపు తీయడం నీ పని కాదు. వచ్చినవాళ్లకి మర్యాద చేసి పంపించడం నీ పని. సర్వీసంతా నేను చేసిందదే కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను, దాచుకో.

నువ్వు కూర్చునే ఇందిరా పర్యావరణ్ భవన్‌ని 2014లో ప్రారంభించినప్పుడు నెట్ జీరో భవనమని గొప్పగా చెప్పారు. వాడుకునేంత కరెంటు కప్పు మీది సౌర ఫలకాలే ఇస్తాయని దానర్థం. దేశం నెట్ జీరో కావడానికి 2070 దాకా గడువుంది. నీ జవాబులకి మాత్రం అంత గడువు లేదు, ఈ సమావేశాల నుంచే కావాలి. చదివిన సభ్యుడికి నికరంగా సున్నా మిగలాలి.

భయపడకు, చట్టం మనవైపే ఉంది. పారిస్ ఒప్పందాన్ని 2016 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు ధ్రువీకరించాం. దానికి పార్లమెంటు ఓటు అక్కర్లేకపోయింది, మంత్రివర్గం సరేనంటే సరిపోయింది. ఒప్పందాల అమలుకి చట్టాలు చేసుకోవచ్చని 253వ అధికరణం పార్లమెంటుకి చెప్పింది గానీ, చేసి తీరాలని చెప్పలేదు. బ్రిటన్ వాళ్లు 2008లో క్లైమేట్ చేంజ్ చట్టమని ఒకటి చేసుకుని కొరివితో తల గోక్కున్నారు. ఒక స్వతంత్ర కమిటీ ఏటా ప్రగతి నివేదిక పార్లమెంటు ముందు పెడుతుంది, ప్రభుత్వం గడువులోగా దానికి సంజాయిషీ ఇచ్చుకోవాలి. మనకా తద్దినం లేదు. వాతావరణ మార్పు దుష్ప్రభావాల నుంచి రక్షణ 14, 21 అధికరణాల కింద పౌరుల హక్కేనని 2024లో రంజిత్‌సింహ్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. దీనికంటూ సమగ్ర చట్టమేదీ లేదని కూడా గుర్తు చేసింది. చేస్తే చేసింది, మనం మర్చిపోతే కదా.

ఎవరో సభ్యుడు ఆవేశపడి తానే ప్రైవేటు బిల్లు పెడతానంటే పెట్టుకోనీ. వాటికి లోక్‌సభలో శుక్రవారం మధ్యాహ్నం కేటాయించారు, అప్పటికి సగంమంది విమానాశ్రయం దారిలో ఉంటారు. స్వాతంత్ర్యం వచ్చాక అలాంటి బిల్లులు గట్టెక్కినవి 14. ఆఖరిది 1970లో. అప్పటికి మీ అమ్మ పలక కూడా పట్టలేదు.

ఇక అసలు విద్యలోకి వద్దాం. లోక్‌సభలో రోజుకి నక్షత్రం ఉన్న ప్రశ్నలు 20, లేనివి 230. నక్షత్రం ఉంటే మంత్రి లేచి నిలబడి చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు పడతాయి, ప్రమాదం. లేకపోతే కాగితం సభ ముందు పెట్టేస్తే సరి. ప్రశ్న ఎప్పుడూ ఒకే మూసలో వస్తుంది: (ఎ) ఫలానాది ప్రభుత్వం దృష్టికి వచ్చిందా, (బి) వచ్చినట్లయితే ఆ వివరాలు, (సి) రాకుంటే అందుకు కారణాలు. ఈ మూడింటినీ విడివిడిగా ముట్టుకున్నావో దొరికిపోతావు. ‘‘(ఎ) నుంచి (సి) వరకు’’ అని ఒకే మూట కట్టెయ్. మూటలో ఏది దేనికి జవాబో విప్పి చూసుకునే ఓపిక సభ్యుడికుండదు. ఉంటే గింటే తర్వాతి సమావేశాల్లో మళ్లీ అడుగుతాడు, మళ్లీ మూట కడదాం.

మూట పైపొరలో ఏం పెట్టాలంటే: 1850 నుంచి 2019 దాకా ప్రపంచం వదిలిన కర్బన ఉద్గారాల్లో మన వాటా 4 శాతం లోపే, జనాభాలో మాత్రం 17 శాతం మనవాళ్లు. ఇది అక్షరాలా నిజం రా, న్యాయం కూడాను. అమెరికావాడి మొహం మీద కొట్టాల్సిన మాట. దాన్నే మనం పట్టుకొచ్చి, మా ఊరి వాగు ఎందుకు ఎండిందని అడిగిన సభ్యుడి మొహం మీద కొడుతున్నాం. అబద్ధమైతే ఎవరైనా పట్టుకుంటారు. నిజాన్ని అడ్డం పెట్టుకుంటే ఎవరు పట్టుకోగలరు?

గ్లాస్గో వాతావరణ సదస్సు కథ నువ్వు కంఠస్థం చేయాలి, మన శాస్త్రంలో అది మహాకావ్యం. 2021 నవంబరు 1న ప్రధాని అక్కడ పంచామృతం పంచారు: 2030 నాటికి శిలాజేతర విద్యుత్ సామర్థ్యం 500 గిగావాట్లు, ఇంధన అవసరాల్లో సగం పునరుత్పాదక వనరుల నుంచి, ఉద్గారాల్లో 100 కోట్ల టన్నుల కోత, జీడీపీలో ఉద్గార తీవ్రత 45 శాతం తగ్గింపు, 2070కి నెట్ జీరో. మన పార్లమెంటు శీతాకాల సమావేశాలు మొదలైంది ఆ నెల 29న. తీర్థం ముందు విదేశీ అతిథులకు, తర్వాత ఇంటివాళ్లకన్నమాట. మరుసటేడు ఆగస్టులో మంత్రివర్గం ఆమోదించి ఐక్యరాజ్యసమితికి లాంఛనంగా పంపిన కాగితం చూడు. 500 గిగావాట్లు అందులో లేదు. 100 కోట్ల టన్నులూ లేదు. ‘ఇంధన అవసరాల్లో సగం’ కాస్తా ‘విద్యుత్ స్థాపిత సామర్థ్యంలో సగం’ అయింది. ‘పునరుత్పాదక’ పోయి ‘శిలాజేతర’ వచ్చింది, అణువిద్యుత్తుకి కూడా చోటు దొరికింది. అయిదు అమృతాల్లో రెండు ఆవిరై, ఒకటి పలచబడిన సంగతి మీద సభ స్తంభించిందా? పోడియం దగ్గరికి ఒక్కరైనా దూసుకెళ్లారా? మన సభ ఎంత చిన్న విషయాలకి స్తంభిస్తుందో నీకు తెలుసు కదా.

ఫలితం చూడు ఎంత ముచ్చటగా వచ్చిందో. 2025 జూన్ నాటికే స్థాపిత సామర్థ్యంలో సగం శిలాజేతరం, గడువుకి అయిదేళ్లు ముందే! ఈ వాక్యం ప్రతి జవాబులోనూ పెట్టు. మీటరు పక్కకి మాత్రం పోకు. 2024-25లో దేశంలో నిజంగా తయారైన కరెంటులో 70 శాతానికి పైగా బొగ్గుదే. సూర్యుడు రాత్రి పనిచేయడని, స్థాపించిందంతా ఉత్పత్తి కాదని తెలిసిన సభ్యుడు అడిగితే కంగారు పడకు. బొగ్గు బొగ్గు శాఖకి, కరెంటు విద్యుత్ శాఖకి, సూర్యుడు నవ్య ఇంధన శాఖకి. ప్రశ్నని బదిలీ చేసేయ్. ఉద్యోగులకే కాదు, ప్రశ్నలకీ బదిలీలుంటాయి.

అడవుల గురించి అడిగితే పండగే. 2030 నాటికి అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్‌డయాక్సైడ్ పీల్చే పచ్చదనం పెంచుతామన్నాం. 2021 నాటికే 229 కోట్లయిందని లెక్క తేలింది. ఎలాగంటావా? హెక్టారుకి తగ్గకుండా జాగా ఉండి, పైనుంచి చూస్తే 10 శాతం నీడ కనబడితే అది అటవీ విస్తీర్ణమే, ఎవరి సొత్తయినా, ఏ చెట్టయినా. ఈ కొలతకి మన కోనసీమ కొబ్బరితోట అడవే. నూజివీడు మామిడితోట అడవే. కాగితం మిల్లుకి పెంచే జామాయిల్ తోటా అడవే. మీ తాతగారు చనిపోయేదాకా తాను రైతుననే అనుకున్నారు పాపం.

నరకడానికొస్తే కొలత తిరగబడుతుంది. గ్రేట్ నికోబార్ ప్రాజెక్టులో పోయే వర్షారణ్యానికి బదులు మొక్కలు హర్యానాలో నాటతామన్నారు. సముద్రం మీది పక్షులకి దారి చెప్పే బాధ్యత ఏ శాఖదో ఇంకా తేలలేదు. ఇదంతా ఢిల్లీ పార్టీ నిర్వాకమని హైదరాబాదులో ఎవరైనా మీసం తిప్పితే 2025 ఉగాది గుర్తు చెయ్. కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల్లోకి సెలవులు చూసుకుని యంత్రాలు దిగాయి. అది అడవి కాదని రాష్ట్ర ప్రభుత్వం వాదించింది. ఆపించడానికి శాసనసభ కాదు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. జెండాలు వేరు గానీ గొడ్డలి కామ ఒకటే.

పార్లమెంటు సంఘాలంటే హడలిపోకు. 2023లో అటవీ సంరక్షణ సవరణ బిల్లు న్యాయంగా పర్యావరణ స్థాయీ సంఘానికి పోవాలి. ఆ సంఘానికి అధ్యక్షుడు ప్రతిపక్షం నుంచి జైరాం రమేశ్. ఆయన అభ్యంతరం ఆయన దగ్గరే ఉండగా, బిల్లు 31 మందితో వేసిన సంయుక్త సంఘానికి వెళ్లి, ఒక్క అక్షరం మారకుండా తిరిగొచ్చింది. జులై 26న మణిపూర్ హింస మీద కేకల మధ్య లోక్‌సభ, ఆగస్టు 2న రాజ్యసభ ఆమోదించాయి. పద్దుల మీద చర్చకీ భయపడకు. బడ్జెట్ సమావేశాల్లో చాలా శాఖల పద్దులు చర్చ లేకుండానే ఒక్క వేటుకి పోతాయి. దాన్ని గిలటిన్ అంటారు. ఫ్రాన్సులో రాజు మెడకి వాడారు, ఇక్కడ ప్రశ్నలకి వాడుతున్నారు.

ఒక్క చోట మాత్రం నాకే చెయ్యి ఆగింది, నీకూ ఆగుతుందేమో. 2015 మేలో, మనవాళ్లు పారిస్‌కి సామాను సర్దుకుంటున్న ఏడాది, వడగాలికి రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి సుమారు రెండు వేలమంది పోయారు. ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లు. అప్పటి కేంద్రం విపత్తుల జాబితాలో ఉన్నవి పన్నెండు. అందులో చలిగాలి ఉండేది, వడగాలి ఉండేది కాదు. చేర్చమని 15వ ఆర్థిక సంఘాన్ని అడిగితే ఉన్న జాబితా చాలన్నది. కావాలంటే రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో 10 శాతం దాకా స్థానిక విపత్తులకి వాడుకోవచ్చని జవాబు రాసేవాళ్లు. రెంటచింతలలో ఎండ స్థానికం. భూతాపం అంతర్జాతీయం. ఈ రెండు వాక్యాల్నీ ఒకే జవాబులో పక్కపక్కన పడనివ్వకు.

హెచ్చరిక: ‘‘పరిశీలనలో ఉంది’’, ‘‘సమాచారం సేకరిస్తున్నాం’’ అని ఊరికే రాసేయకు. అవి హామీలుగా లెక్క, మూడు నెలల్లో తీర్చమని హామీల సంఘం వెంటపడుతుంది. 2035 లక్ష్యాల కాగితం గడువు 2025 ఫిబ్రవరి; నవంబరులో బెలెం వాతావరణ సదస్సు ముగిసేనాటికీ మనది చేరలేదు. దాని మీద అడిగితే ‘‘ఆలస్యం’’ అనే మాటే వాడకు. ‘‘విస్తృత సంప్రదింపుల ప్రక్రియ’’ అను. ఎవరితో సంప్రదింపులని అడిగితే, పార్లమెంటుతో తప్ప అందరితోనూ అని అనబోయి నాలిక కరుచుకో.

2070 గురించి అడిగే సభ్యుడు ప్రతి సమావేశంలోనూ ఒకడుంటాడు. అయిదేళ్లకోటి చొప్పున అప్పటికి 27వ లోక్‌సభ నడుస్తుంటుంది. ఆరోజు లేచి నిలబడాల్సిన మంత్రి ఇప్పుడు బళ్లో ఉన్నాడో, పుట్టనే లేదో. నువ్వూ రిటైరై పదేళ్లవుతుంది. వెనకవాళ్లకి ఇబ్బంది లేకుండా ఆ జవాబు ముసాయిదా ఇప్పుడే తయారుచేసి దీనితో జతపరిచాను. మంత్రి పేరు దగ్గర, తేదీ దగ్గర ఖాళీలు వదిలాను. మిగతాదేమీ మార్చక్కర్లేదు.

ఇట్లు,
మీ మావయ్య